జాబితాలో లేని రాజవంశం

ఈ మధ్య లండన్ శివారు హౌన్స్‌లోలో తెలిసినవాళ్లింట్లో వ్రతానికి వెళ్తే, నంద్యాల నుంచి వచ్చి ఇక్కడ మాస్టర్స్ చేసిన సౌజన్య అనే అమ్మాయి ప్లేటు పట్టుకుని నా పక్కన కూర్చుంది. ఏదో మ్యూజియంలో ఆరు నెలల కాంట్రాక్టు వచ్చిందట. సంతోషం అన్నాను. పనేమిటమ్మా అన్నాను.

"పెద్ద పనేం కాదంట అంకుల్. ఒక్కో వస్తువుకీ స్క్రీన్ మీద పీరియడ్ అని, అది ఏ కాలానిదో ఎక్కించే బాక్సు ఒకటి ఉంటుందంట. డ్రాప్‌డౌన్‌లోంచి ఒకటి క్లిక్ చేస్తే అయిపోతుందంట. రోజుకి రెండొందలు చేయాలంట."

పులిహోర ముద్ద చేతిలోనే ఉండిపోయింది నాకు. ఆ బాక్సుతో పదకొండేళ్లు కుస్తీ పట్టినవాణ్ణి నేను. 2008లో మొదలుపెట్టి, 2019 మార్చిలో మ్యూజియం గోడౌన్ తాళాలు అప్పగించి వచ్చేదాకా.

"అమ్మా, నువ్వు ఆ బాక్సులో ఏం క్లిక్ చేస్తావో దాన్నిబట్టే ఒక రాజవంశం ఉందో లేదో తేలుతుంది" అన్నాను.

ఆ పిల్ల నవ్వింది. అటు పక్కనుంచి మా ఆవిడ, "మొదలెట్టారా? పిల్లని తిననివ్వండి" అంది.

తిననిచ్చాను. ఆరోజు మింగేసిన మాటలు ఇంటికొచ్చి ఇక్కడ రాస్తున్నాను. ఈ పనిలోకి వచ్చే పిల్లలు చదివితే చదవనీ, లేకపోతే వాళ్ల ఖర్మ.

నాకు డిగ్రీ లేదు

ముందే చెప్పేస్తే ఒక గొడవ వదుల్తుంది. అద్దంకి పక్క పల్లెలో పుట్టాను. ఇంటర్ రెండో ఏడు తప్పాను. ఈ దేశం వచ్చాక హీత్రో విమానాశ్రయం పక్కన కార్గో షెడ్డులో ఇరవై ఏళ్లు పెట్టెలు దించాను. వాటిల్లో మ్యూజియాలకి వెళ్లే పెట్టెలు కూడా ఉండేవి. 'రావ్ చేతిలో ఒక్క పెట్టె కూడా పగల్లేదు' అని ఒక పేరుండేది. ఆ పేరు మీదే వాట్‌ఫర్డ్ దగ్గర ఒక మ్యూజియం గోడౌన్‌లో పని దొరికింది. ఆ మ్యూజియం పేరు చెప్పను. చెప్తే ఇక్కడ రాసినదానికంతటికీ వాళ్లు వివరణ ఇవ్వాల్సొస్తుంది, దానికి మళ్లీ ఒక కమిటీ వేస్తారు.

గ్యాలరీ లండన్లో. జనం చూసేది అక్కడ. మేం ఉండేది గోడౌన్లో. వస్తువుని అలమారలోంచి తీసి, కొలిచి, అది ఏమిటో, ఎక్కడిదో, ఎప్పటిదో కంప్యూటర్లోకి ఎక్కించడం నా పని. చైనా అలమారలకి చదువుకున్నవాళ్లు ముగ్గురున్నారు. జపాన్‌కి ఇద్దరు. మూలనున్న వియత్నాం అలమారలు మూడింటికీ దిక్కు లేదు. "అవి నువ్వు చూడు రావ్, పెద్దగా ఏం లేవక్కడ" అన్నాడు కాలిన్. కాలిన్ అంటే మా డాక్యుమెంటేషన్ మేనేజరు. నాకంటే పన్నెండేళ్లు చిన్న. చెడ్డవాడు కాదు గానీ, ఖాళీగా ఉన్న బాక్సు కనపడితే అతనికి నిద్ర పట్టదు.

పెద్దగా ఏం లేవన్న ఆ మూడు అలమారల కోసం నేను వాట్‌ఫర్డ్ లైబ్రరీలో కూర్చుని చైనా అక్షరాలు నేర్చుకున్నాను. ఆ రోజుల్లో వియత్నాంవాళ్లు కూడా అవే అక్షరాలు రాసేవాళ్లు. యాభై రెండేళ్ల వయసులో, పలక పట్టుకున్నట్టు, రోజుకి నాలుగక్షరాలు. నాకు మాట్లాడటం రాదు. కుండ మీద ఉన్నది మాత్రం చదవగలను. ఆ అలమారల మీద జీతం తీసుకున్నవాళ్లలో ఆ మాట అనగలిగినవాళ్లు ఇంకెవరైనా ఉంటే నాకు చూపించండి.

తమకు తాము పెట్టుకోని పేర్లు

మొదటి ఏడాది రిజిస్టర్లు తిరగేస్తే ప్రతి పేజీలోనూ 'అన్నామీస్' అని ఉంది. అన్నామీస్ కుండ, అన్నామీస్ గిన్నె. అన్నామ్ అనేది చైనావాళ్లు ఆ దేశాన్ని ఏలిన రోజుల్లో పెట్టిన పేరు. 'అణిచి శాంతపరిచిన దక్షిణం' అని దానర్థం. తర్వాత ఫ్రెంచివాళ్లకు అది నచ్చింది, వాళ్లూ వాడుకున్నారు. మన ప్రకాశం జిల్లాని ఎవడో వచ్చి 'నోరు మూయించిన జిల్లా' అని రాసి, దాన్నే నూరేళ్లు బోర్డుల మీద ఉంచితే ఎట్లా ఉంటుంది? ఇక్కడ నూరేళ్లూ ఉంచారు. అడిగితే, "అది పాత పదం రావ్, అందులో దురుద్దేశమేం లేదు" అన్నారు. ఈ దేశంలో నేను విన్నన్ని లేని దురుద్దేశాలు ఇంకెక్కడా వినలేదు.

ఇక రాజుల వరస. పైకి సులువుగానే కనపడుతుంది. లీ వంశం. దాని తర్వాత త్రాన్ వంశం. ఏడేళ్లు హో. ఇరవై ఏళ్లు చైనా మింగ్‌ల పెత్తనం. ఆ పైన లే వంశం. అయితే పదో శతాబ్దంలో ఇంకో లే వంశం కూడా ఉంది, దానికీ దీనికీ చుట్టరికం లేదు. అందుకని చరిత్ర రాసేవాళ్లు దాన్ని 'తొలి లే' అనీ దీన్ని 'మలి లే' అనీ అన్నారు. పాపం ఆ రాజుల్లో ఒక్కడికీ తను 'మలి' అని తెలీదు. వేంగి చాళుక్యులు పొద్దున్నే లేచి 'మనం తూర్పువాళ్లం' అనుకున్నారా? పుస్తకంలో పక్కపేజీ వాళ్లతో కలిసిపోకుండా మనం కట్టిన గుడ్డపీలిక అది. పీలిక కట్టొచ్చు, తప్పులేదు. అది పీలిక అన్న సంగతి మర్చిపోతేనే గొడవంతా.

మలి లే కాలం 1428 నుంచి 1789 అని ఏ పుస్తకం చూసినా ఉంటుంది. మూడొందల అరవై ఏళ్లు నునుపుగా సాగిపోయినట్టు. నిజంగా జరిగింది వేరు. 1527లో ఒక సేనాని ఆ గద్దె లాక్కుని మాక్ వంశం పెట్టాడు. 1592 దాకా హనోయ్‌లో రాజ్యం వాళ్లది. పన్నులు వేసింది వాళ్లు, పరీక్షలు పెట్టి ఉద్యోగాలిచ్చింది వాళ్లు, కుమ్మరి దీపపు సెమ్మె మీద సంవత్సరం వేస్తే ఆ సంవత్సరం పేరు వాళ్లది. లే వాళ్లు మళ్లీ గద్దెక్కాక తమ ఆస్థానంలో చరిత్ర రాయించుకున్నారు. అందులో మాక్‌లు దొంగ రాజులు. అరవై అయిదేళ్లు లెక్కలోంచి తీసేశారు. ఆ లెక్కే దేశాలు దాటి మా వాట్‌ఫర్డ్ కంప్యూటర్లోకి వచ్చి కూర్చుంది.

నాకు ఇది ఎందుకంత మండుతుందో కూడా చెప్తాను. ఏడో తరగతిలో మా చరిత్ర మేష్టారు కాకతీయుల పాఠం ముగించి, పేజీ తిప్పి, విజయనగరం మొదలుపెట్టాడు. "మరి మన అద్దంకి రెడ్డిరాజులో సార్?" అన్నాను. "పరీక్షకి రారు, కూర్చో" అన్నాడు. ఆ మాట అని ఇప్పటికి యాభై ఏళ్లు. నేనింకా కూర్చోలేదు.

బర్మింగ్‌హామ్ నుంచి ఫోను

2014 జూన్‌లో ఒక ఫోనొచ్చింది. స్విచ్‌బోర్డు వాళ్లు నలుగురికి కలిపి, నలుగురూ తమది కాదంటే, నాకు కలిపారు. అవతల ఒక పెద్దావిడ. పేరు హాన్. బర్మింగ్‌హామ్ ఆసుపత్రిలో వార్డుల్లో పనిచేసి రిటైరయింది. 1979లో వియత్నాంలోని హైఫాంగ్ రేవు నుంచి పడవెక్కి, హాంకాంగ్ క్యాంపులో ఉండి, ఈ దేశం చేరిన మనిషి.

"మీ గ్యాలరీలో నీలం పూల దీపపు సెమ్మె ఒకటుంది. నడుం పొడుగు" అంది.

"ఉందమ్మా."

"దాని మీద అక్షరాలున్నాయి. ఫొటో తీసుకెళ్లి మా గుళ్లో ఒక పెద్దాయనకి చూపించాను. మాక్ రాజు ఏలుబడి మూడో ఏడు అని చదివాడు. అవునా?"

నేను స్క్రీన్ మీద ఫొటో పెద్దది చేసి చూశాను. నాలుగక్షరాలు. జియెన్ థాన్, మూడో సంవత్సరం. అంటే 1580. "అవునమ్మా."

"మరి కింద కార్డు మీద మలి లే అని ఎందుకు రాశారు?"

 నేను ఏదో చెప్పబోయేలోపే ఆవిడే అంది: "మేం మాక్‌లం."

మాక్‌లు ఓడిపోయాక వాళ్ల బంధువులు ప్రాణాలు దక్కించుకోవడానికి ఇంటిపేర్లు మార్చుకున్నారు. హాన్ గారి పాస్‌పోర్టులో ఫామ్ అని ఉంటుంది. ఏడాదికోసారి, పెద్దల తద్దినం రోజు, వాళ్ల తాత తలుపులు మూసి పిల్లలకి అసలు పేరు చెప్పేవాడట. ఆవిడ తమ్ముడు తువాన్ ఇంకా హైఫాంగ్‌లోనే ఉన్నాడు. ఓడల మరమ్మతు షెడ్డులో చేసి మానేశాడు. ఇరవై ఏళ్లుగా తమ వంశ గ్రంథం కూర్చుతున్నాడు. సగం మంది దాయాదులు నమ్మడం లేదు. రాజుల వంశం అని చెప్పుకోడానికి ముసలాయన కల్పించిన కథ అంటున్నారు.

"తమ్ముడు అక్టోబర్లో వస్తున్నాడు. మూడు వారాలు. మళ్లీ రాలేడు. ఆ సెమ్మె మా తాలూకాలో చేసింది. దాని పక్కన నిలబడి ఫొటో దిగి, గ్రంథంలో మొదటి పేజీలో పెడతాడట. కార్డు మీద లే అని ఉంటే ఏమవుతుందో తెలుసా? చూడు, లండన్ వాళ్లు కూడా మీరు లేరనే రాశారు అంటారు మా వాళ్లు."

"నేను చూసుకుంటానమ్మా" అన్నాను. అంత ధీమాగా అన్న మాట నా ఉద్యోగంలో ఇంకోటి లేదు.

ఎవడు రాశాడిది

ఫోను పెట్టేసి నేరుగా కాలిన్ దగ్గరికి వెళ్లాను. టీ బ్రేకు. అందరూ ఉన్నారు. అందరూ ఉన్నారనే కాస్త గట్టిగా అన్నాను. "నాలుగక్షరాలు కనపడుతుంటే వాటిని చదవకుండా మలి లే అని రాసిన మహానుభావుడెవరు? గుడ్డివాడా, బద్ధకస్తుడా?"

"లాగ్ చూద్దాం మేట్" అన్నాడు కాలిన్. మా సిస్టంలో ప్రతి మార్పుకీ ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో ఒక చిట్టా ఉంటుంది. తీశాడు. స్క్రీన్ నా వైపు తిప్పాడు. బిస్కట్ల డబ్బా కూడా నా వైపు జరిపాడు.

2011. వి. రావ్. నేనే.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఏడాది కలెక్షనంతా వెబ్‌సైట్ మీద పెడుతున్నారు. ఆరు వారాలు గడువు. ప్రతి వస్తువుకీ ఒక పీరియడ్ ఉండాలి, ఒక్కటే ఉండాలి, అది సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన జాబితాలోదే అయ్యుండాలి. ఖాళీ పనికిరాదు. ఆ జాబితాలో వియత్నాంకి ఎనిమిది పేర్లున్నాయి. మాక్ లేదు. మా రికార్డుల్లో ఏముండేది? నలభై ఏళ్లుగా నలుగురు నాలుగు రకాలుగా రాసిన చెత్త. నేను తెలివిగా ఒక రూలు రాశాను: ఏ వస్తువు తేదీ 1428కీ 1789కీ మధ్య పడితే దాని పీరియడ్ మలి లే. బటన్ నొక్కాను. మూడొందల పైచిలుకు రికార్డులు నాలుగు సెకన్లలో శుభ్రం. గ్యాలరీ లేబుళ్లు కూడా వాటిల్లోంచే కొత్తగా అచ్చయ్యాయి. కాలిన్ భుజం తట్టాడు. నేను పొంగిపోయాను.

చైనా అక్షరాలు నేర్చుకున్న మొనగాణ్ణి, ఒక్క కుండ తిప్పి చూడలేదు ఆ రోజు.

అంతకంటే పెద్ద దెబ్బ మర్నాడు తగిలింది. బేస్‌మెంట్లో కంప్యూటర్లకి ముందటి అట్ట కార్డులున్నాయి. ఆ సెమ్మె కార్డు వెతికి తీశాను. పెన్సిల్‌తో, చిన్న అక్షరాల్లో: 'మాక్. 1580. రాత చూడుడు.' ఎవరు రాశారో తెలీదు, సంతకం లేదు. ఎప్పుడో, ఎవరో, ఏ జాబితా లేనప్పుడు, సెమ్మెని చేత్తో పట్టుకుని చదివిన మనిషి. ఆ పేరే మొదట కంప్యూటర్లోకి ఎక్కింది. దాన్ని చెరిపింది నేను.

కొత్తగా వచ్చేవాళ్లు ఇది రాసిపెట్టుకోండి. తెలియని చోట ఖాళీ వదిలితే మేనేజరు తిడతాడు, తిట్టనివ్వండి. ఖాళీని తర్వాతివాడు నింపగలడు. తప్పుగా నిండినదాన్ని ఎవడూ అనుమానించడు.

గోడ మీద ఆరు రంగులు

కంప్యూటర్లో మార్చడం అరగంట పని. జాబితాలో మాక్ చేర్చమని కాలిన్‌ని అడిగితే, "ఒకటి చేరిస్తే రేపు ఇంకొకడొచ్చి ఇంకోటి అడుగుతాడు" అని గొణిగి చేర్చాడు. గ్యాలరీ లేబుల్ మార్చడం అట్లా కాదు. దానికి ఫారం. ఫారానికి కమిటీ. కమిటీ మూడు నెలలకోసారి కూర్చుంటుంది. ఆ కమిటీకి పెద్ద, డాక్టర్ ఫ్రాన్సిస్ అనే ఆవిడ, ఆసియా క్యూరేటరు. చైనా మీద గొప్ప పండితురాలు. నేను అబద్ధం చెప్పను, మింగ్ పింగాణీ గురించి ఆవిడ చెప్తుంటే పని మానేసి వినేవాణ్ణి. వియత్నాం దగ్గరికొచ్చేసరికి చైనాకి పెరటి గుమ్మం అన్నట్టు చూసేది.

సెప్టెంబర్ మీటింగులో నన్ను పది నిమిషాలు మాట్లాడనిచ్చారు. పాత అట్ట కార్డు ఫొటో, అక్షరాల ఫొటో, మూడు పుస్తకాలు పట్టుకెళ్లాను.

"రాత సంగతి నేను కాదనను రావ్" అంది ఫ్రాన్సిస్. "కానీ గోడ మీద కాలపట్టిక చూశావుగా. వియత్నాంకి ఆరు రంగుల పట్టీలు. మాక్‌కి పట్టీ లేదు. చూసేవాళ్లు ఈ సెమ్మెని ఎక్కడ పెట్టుకోవాలి?"

"పట్టీకోసం సెమ్మెని మార్చలేం కదా మేడమ్. పట్టీనే మార్చాలి."

"పట్టిక 2016 మరమ్మతుల్లో తప్ప మారదు. పైగా, ఎవరు అసలైన రాజులు అన్న గొడవలో మ్యూజియం తీర్పు చెప్పకూడదు. మలి లే అనడం తటస్థంగా ఉంటుంది."

"తటస్థమా? లే వాళ్లు గెలిచి రాయించిన మాట అది. ఆ తీర్పు మీరు చెప్పేశారు, ఇప్పుడు చెప్పలేదంటున్నారు, అంతే."

 కాలిన్ బూట్ల వైపు చూస్తున్నాడు. ఫ్రాన్సిస్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "నువ్వన్నదాంట్లో విషయం ఉంది. మరమ్మతుల్లో పరిశీలిద్దాం" అంది.

ఈ దేశంవాళ్లు 'పరిశీలిద్దాం' అంటే ఏమిటో నాకు తెలుసు. తువాన్ గారి విమానం నాలుగు వారాల్లో.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. "మీరే తప్పు రాశారుగా, మీరే వెళ్లి చెప్పండి వాళ్లకి. దానికి కమిటీ ఎందుకు?" అంది. కొన్నిసార్లు ఈవిణ్ణి ఆ కమిటీలో వేస్తే బాగుండేది అనిపిస్తుంది.

అక్టోబర్ శనివారం

గ్యాలరీ మెట్ల దగ్గర కలిశారు. హాన్ గారు పొట్టి మనిషి, చేతిలో పెద్ద సంచి. తమ్ముడు ఆవిడకంటే తల ఎత్తు పొడుగు, సూటు వేసుకున్నాడు. ఆ సూటు ఆ ఒక్క పూటకోసమే కుట్టించినట్టుంది. నాకు రెండు చేతులతో నమస్కారం పెట్టాడు. నేనూ పెట్టాను.

సెమ్మె ముందు నిలబడి చాలాసేపు కదల్లేదాయన. అద్దానికి ముక్కు ఆనేంత దగ్గరికి వెళ్లాడు. నేను పక్కకొచ్చి, వేలితో చూపిస్తూ ఒక్కో అక్షరం చదివాను. జియెన్. థాన్. తామ్. నియెన్. నా ఉచ్చారణకి ఆయన మొహం చిట్లించి, "థాన్" అని సరిదిద్దాడు. నేను మళ్లీ అన్నాను. "ఊహూఁ, థాన్." నాలుగోసారికి వదిలేశాడు.

తర్వాత కిందనున్న లేబుల్ వైపు వంగాడు. ఇంగ్లీషు కూడబలుక్కుని చదివాడు. అక్కతో ఏదో అన్నాడు.

హాన్ గారు నా వైపు చూడకుండా చెప్పింది. "ఇది ఎవరు రాశారని అడుగుతున్నాడు."

కమిటీ అనొచ్చు. సాఫ్ట్‌వేర్ అనొచ్చు. ఫ్రాన్సిస్ అనొచ్చు. సగం నిజమే కూడా. నోటి చివరిదాకా వచ్చింది.

"నేనే రాశానని చెప్పండి" అన్నాను. "తెలియక కాదు. చూడక. అంతకుముందు ఎవరో సరిగ్గా రాస్తే దాన్ని చెరిపి మరీ రాశానని చెప్పండి."

చెప్పింది. ఆయన నన్ను తేరిపార చూశాడు.  అరవై ఏళ్లకి దగ్గరపడ్డవాణ్ణి, మేష్టారి ముందు నిలబడ్డట్టు నిలబడ్డాను. ఆయన నెమ్మదిగా ఏదో అన్నాడు. హాన్ గారికి నవ్వొచ్చింది.

"మా వాళ్లే నాలుగొందల ఏళ్లు తప్పు రాసుకున్నారట. నువ్వు మూడేళ్లేగా అంటున్నాడు."

నేను సంచిలోంచి పాత కార్డు నకలు తీసి ఇచ్చాను. పెన్సిల్‌తో 'మాక్' అని ఉన్నది. ఆయన దాన్ని చూశాడు, ఆ పదం మీద వేలు పెట్టాడు, మళ్లీ తీశాడు. అక్క చేతికి ఫోనిచ్చి, సెమ్మె పక్కన నిలబడి, ఆ కాయితాన్ని గుండె ముందు పట్టుకున్నాడు.

గ్యాలరీ గార్డు పరిగెత్తుకొచ్చాడు. "సర్, లోపల ప్లకార్డులు పట్టుకోకూడదు. నిరసనలకి అనుమతి లేదు."

"ఇది ప్లకార్డు కాదయ్యా, మీ మ్యూజియం కార్డే" అన్నాను. బ్యాడ్జి చూపించాను. అతను కార్డు చూశాడు, బ్యాడ్జి చూశాడు, సూటు వేసుకున్న పెద్దమనిషిని చూశాడు. "తొందరగా కానివ్వండి" అని అటు తిరిగి నిలబడ్డాడు. హాన్ గారు పదకొండు ఫొటోలు తీసింది. అందులో తొమ్మిదింటిలో ఆవిడ వేలు పడింది.

తర్వాత

2016 మరమ్మతుల్లో గోడ మీద ఏడో రంగు వచ్చింది. సన్నటి పట్టీ. నేను ఫారంలో రాసిచ్చినట్టే లేబుల్ మారింది: మాక్ వంశం, 1527 నుంచి 1592. ఫ్రాన్సిస్ స్వయంగా ఫోన్ చేసి చెప్పింది. "నువ్వు గెలిచావు రావ్" అంది. ఆవిడ మంచితనం అది, ఒప్పుకుంటాను. నేను ఫొటో తీసి హైఫాంగ్ పంపించాను. ఇక నా బాధ్యత తీరింది అనుకున్నాను.

ఆరు వారాలకి హాన్ గారి ఫోను. "తమ్ముడు జవాబు రాశాడు. చదవనా?"

"చదవండమ్మా."

"ఫొటో అందింది. గ్రంథంలో మొదటి పేజీలో నేను కార్డు పట్టుకున్న ఫొటో, రెండో పేజీలో ఇది. దాయాదులు ముగ్గురు వచ్చి తమ పేర్లు కూడా రాయించుకున్నారు. ఒక్క మాట. 1592లో మేం హనోయ్ వదిలి వెళ్లాం, అంతేగానీ చచ్చిపోలేదు. కావో బాంగ్ కొండల్లో 1677 దాకా మా వాళ్లు రాజ్యం చేశారు. ఆ ఎనభై అయిదేళ్లు ఎవరి ఖాతాలో వేశారు?"

నాకు ఒళ్లు మండిపోయింది. రెండేళ్లు కాళ్లరిగేలా తిరిగి సాధిస్తే! "ఏమ్మా, మీ తమ్ముడికి తృప్తి అనేదే ఉండదా?"

"ఉండదు. అందుకే ఇరవై ఏళ్లయినా ఆ పుస్తకం పూర్తికాలేదు" అని నవ్వేసింది.

కోపంతోనే మర్నాడు మూడు పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. ఆయన తప్పని చూపించాలనే కూర్చున్నాను. సాయంత్రానికి తేలింది, తప్పు నాదే, మళ్లీ. 1592 అన్నది లే సైన్యం హనోయ్ తీసుకున్న ఏడు. ఓడినవాళ్ల కాలం ఎప్పుడు ముగిసిందో గెలిచినవాళ్ల తేదీతో రాశాను. వాళ్ల తరఫున అంత గొంతు చించుకున్న నేను, వాళ్లని పూడ్చే రోజు మాత్రం అవతలివాళ్లని అడిగి పెట్టాను. ఒక కాలానికి పేరు పెట్టగానే పని అయిపోయిందనుకుంటాం. దాని మొదలు ఎవరు పెట్టారు, చివర ఎవరు పెట్టారు అని ఎవరూ అడగరు.

మళ్లీ ఫారం తీసుకుని కాలిన్ దగ్గరికి వెళ్లాను.

"మళ్లీనా?"

"మళ్లీనే."

వెబ్‌సైట్ రికార్డు మార్చే హక్కు నాకుంది కాబట్టి అక్కడ రాసేశాను: హనోయ్‌లో 1592 వరకు, కావో బాంగ్‌లో 1677 వరకు. ఎవరు చెప్పారో, ఏ పుస్తకంలో చూశానో కూడా కింద రాశాను. గోడ మీది లేబుల్‌కి మాత్రం కమిటీ 'తదుపరి మరమ్మతుల్లో' అంది. ఆ తదుపరి రాకముందే నా ఉద్యోగం అయిపోయింది.

ఆఖరి రోజు కేకు కోశారు. నేను డ్రాయర్లు ఖాళీ చేస్తుంటే కాలిన్ వచ్చి నిలబడ్డాడు. చేతిలో ఆ ఫారం.

"మానేసినవాళ్ల అర్జీలు సిస్టం తనంతట తానే కొట్టేస్తుంది. నీది ఈ అర్ధరాత్రికి పోతుంది" అన్నాడు.

"పోనీ. పదకొండేళ్లు చాలు నాకు."

"ఇందాకే నీ పేరు తీసి నా పేరు వేశాను."

నేను పెట్టె కింద పెట్టాను. "ఆ తేదీ నిజమని నువ్వు నమ్ముతున్నావా?"

"నాకు తెలీదు మేట్. కానీ ఆ హైఫాంగ్ ఆయన వదలడు, నువ్వు అంతకంటే వదలవు. నా పేరు మీదుంటే ఎవడైనా అడిగినప్పుడు కనీసం ఫైలు ఎక్కడుందో చెప్పగలను." ఫారం మీద వేలితో తట్టాడు. "వెళ్లేలోపు ఆ పుస్తకాల్లో ఏ పేజీలో ఉందో రాసి పెట్టు. నేను చూడాలి."

రాసి పెట్టాను, మూడు పుస్తకాల్లోవీ, పేజీలతో సహా. అక్షరాల అర్థం కూడా పక్కన రాశాను. అర్జీ ఇంకా కమిటీ ముందే ఉంది. నెలకోసారి ఫోన్ చేసి కనుక్కుంటున్నాను. పోయిన నెల కాలిన్ ఫోను ఎత్తలేదు. ఈ నెలా ఎత్తకపోతే గురువారం రైలెక్కి నేనే వెళ్తాను. కమిటీ మీటింగు ఆ రోజే.